మా తీరానికి లోకల్ పేపర్ విలేకరిగా చేరమంటున్నారు, చేరనా?

ప్రశ్న: ఉప్పాడ కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది కాకినాడ జిల్లా యు.కొత్తపల్లి మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాన్న ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తారు. అమ్మ చేపల గంప పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. నేను డిగ్రీ అయ్యాక సెంటర్లో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపులో పని చేస్తున్నాను.

పోయిన వారం ఒక దినపత్రిక విలేకరి షాపుకి వచ్చి, "మీ తీరం ఊళ్లకి మాకు కంట్రిబ్యూటర్ లేడు, నువ్వు చేస్తావా?" అని అడిగారు. జీతం ఉండదట. అచ్చయిన వార్తలకి లైన్ అకౌంట్ కింద, అంటే లైనుకి ఇంత అని, ఎంతో కొంత వస్తుందట. గుర్తింపు కార్డు ఇస్తారు. ఆగస్టు 15కి, జనవరి 26కి, పేపర్ వార్షికోత్సవానికి మాత్రం యాడ్స్ తేవాలన్నారు.

చిన్నప్పుడు మా ఊరికి డెబ్భై పేపర్ల దాకా వచ్చేవి. ఇప్పుడు పదహారు. అందులో నాలుగు టీ బడ్డీలవే. ఏదైనా జరిగితే అందరికీ వాట్సాప్‌లో ముందే తెలిసిపోతోంది. అయినా నాన్న వేట నుంచి వచ్చాక కాళ్లు కడుక్కుని మొదట చూసేది జిల్లా పేజీనే. మా ఊరి పేరు కనిపిస్తే అమ్మని పిలిచి చదివి వినిపిస్తారు. ఆ పేజీలో రాసే అవకాశం వచ్చిందంటే మనసు లాగుతోంది. అమ్మ మాత్రం "మనోళ్ల మీదే రాయాల్సి వస్తుందిరా, రేపు ఎవరింటికి వెళ్తాం?" అంటోంది.

ఈ రోజుల్లో దీనివల్ల ఊరికి నిజంగా ఉపయోగం ఉందా? చేరితే ఏం రాయాలి, ఎలా మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: వదిలేసి వచ్చినవాడు

తమ్ముడూ, నేను నాలుగేళ్లు చేసి మానేశాను. మాది తీరం కాదు, మెట్ట మండలం. రాయడం బాగానే ఉండేది. యాడ్స్ దగ్గరే చచ్చేవాణ్ణి. ఇస్తామన్న సర్పంచ్ ఇవ్వడు, ఇచ్చినవాడు డబ్బులు కట్టడు. చివరికి ఆ బిల్లు నా పేరు మీదే పడేది. ఒక జనవరిలో మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి కట్టాను. యాడ్ ఇచ్చినవాడి మీద వార్త రాయలేం, ఇవ్వనివాడి మీద రాస్తే కక్ష అంటారు. చేరేముందు యాడ్స్ బాకీ ఎవరి నెత్తిన పడుతుందో కాగితం మీద రాయించుకో. రాసివ్వం అంటే వద్దు.

జవాబు: పాత విలేకరి

బాబూ, నేను 2001 నుంచి 2020 దాకా గోదావరి తీరంలో, మీకు దగ్గర్లోనే, ఒక పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా చేశాను. పేపర్ పేరు ఎందుకులే. పైన తమ్ముడు యాడ్స్ గురించి చెప్పిన ప్రతి మాటా నిజం. నాకూ ఆ బాధ ఉంది. అందుకే పక్కన ఒక చిన్న బడ్డీ కొట్టు నడుపుకున్నాను. నీకు షాపు పని ఉంది కదా, అది మాత్రం వదలకు. లైన్ అకౌంట్ మీద ఇల్లు గడవదు. నా మొదటి నెల సంపాదన 340 రూపాయలు. డబ్బు సంగతి ఇంతటితో వదిలేస్తాను.

ఉపయోగం ఉందా అని అడిగావు. ఉంది. ఎక్కడుందో నాకు తెలిసిన విధంగా చెప్తాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల నుంచి వేటకి వెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. అప్పటికి నాకు విలేకరి పని తెలియదు. మా మేనమామ ఆ వేళ సముద్రం మీద ఉన్నాడు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. రోడ్ల మీద చెట్లు పడి మూడు రోజులు పేపర్ రాలేదు. నాలుగో రోజు సైకిల్ మీద కట్ట వచ్చింది. టీ బడ్డీ దగ్గర ఒకాయన నిలబడి పేర్లు చదువుతుంటే ఊరు ఊరంతా చుట్టూ మూగి వింది. గల్లంతైనవాళ్ల పేర్లు, ఊరు, వయసు. ఒక్కో పేరు దగ్గర ఒక్కో ఆడమనిషి కింద కూలబడిపోయేది. మా మామ పేరు అందులో లేదు. రెండు రోజుల తర్వాత మనిషే నడుచుకుంటూ వచ్చాడు. ఆ జాబితా రాసినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, పేపర్ అంటే నా మనసులో ఇప్పటికీ అదే.

కాబట్టి ఇరవై ఏళ్లకు దగ్గరగా చేసిన పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. తీరం మీద వార్త అంటే పేరు. పేరు సరిగ్గా రాయడం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. దాన్ని నేను తప్పు చేసి నేర్చుకున్నాను, అది చెప్తాను.

2009లో మా దగ్గర మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటుతుంటే ఒక ఫైబర్ బోటు కెరటానికి తిరగబడింది. ముగ్గురున్నారు. ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు, ఒకాయన గల్లంతు. ఉదయం పదిన్నరకి తెలిసింది. నేను ఒడ్డుకి వెళ్లేసరికి జనం నిండిపోయి ఉన్నారు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఒకర్ని పేరు అడిగాను, చెప్పాడు, రాసుకున్నాను. ఇంటికి వెళ్లి అడగాలనిపించలేదు. ఏడుస్తున్న మనిషిని పేరు ఎలా అడుగుతాం అనుకున్నాను. మర్నాడు జిల్లా పేజీలో మూడు కాలాల్లో వచ్చింది. బాగా రాశావని డెస్క్ (వార్తలు దిద్ది పేజీ పెట్టే విభాగం) నుంచి ఫోన్ కూడా వచ్చింది.

నాలుగు నెలల తర్వాత ఆయన భార్య మా కొట్టుకి వచ్చింది. చేతిలో ఒక పాలిథిన్ కవరు. అందులోంచి నా వార్త కటింగ్ తీసింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. మడత పడిన చోట అక్షరాలు అరిగిపోయి తెల్లగా అయ్యాయి. దానితో పాటు రేషన్ కార్డు, ఎఫ్‌ఐఆర్ నకలు. మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, "మీరు రాసిన పేరు మా ఆయన పేరు కాదండి" అంది. నేను రాసింది ఊళ్లో పిలిచే పేరు. ఇంటిపేరు కూడా తప్పు, అది ఆయన అత్తారిది. స్టేషన్లో కూడా నా వార్తలో ఉన్న పేరే దిగింది. రేషన్ కార్డులో వేరే పేరు. ఆఫీసులో గుమస్తా ఇద్దరూ ఒక్కరే అని రుజువు తెమ్మన్నాడు. ఆవిడ ఒక్క పరుషమైన మాట అనలేదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు.

నీకు తెలిసే ఉంటుంది. శవం దొరికితే ఒక దారి, దొరక్కపోతే వేరే దారి. ఏడేళ్లు ఎవరికీ కబురు లేకపోతేనే మనిషి చనిపోయినట్టు అనుకోవచ్చని చట్టం. ఈలోగా ప్రభుత్వం దయ తలచి విచారణ జరిపి సాయం ఇవ్వాలన్నా, ఆ రోజు ఆ బోటు మీద ఆ మనిషి ఉన్నాడని చూపించాలి కదా. పేదవాళ్ల చేతిలో ఉండేవి ఏమిటి? ఎఫ్‌ఐఆర్, పంచాయతీ కాగితం, పేపర్ కటింగ్. మనకి అది మర్నాటికి పొట్లం కట్టే కాగితం. వాళ్లకి ట్రంకు పెట్టెలో దాచుకునే పత్రం.

సవరణ వేయమని డెస్క్‌ని అడిగితే నాలుగు నెలల పాత వార్తకి సవరణ ఏమిటన్నారు. పట్టు వదల్లేదు. ఆఖరికి రెండు లైన్లు వేశారు. ఊరి పెద్దల చేత, సొసైటీ అధ్యక్షుడి చేత అఫిడవిట్ రాయించాం. ఆవిడకి డబ్బు అందేసరికి మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. నేను మొదటి రోజే గుమ్మం దాకా వెళ్లి ఉంటే ఇదంతా లేదు.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఎంత టెన్షన్‌లో ఉన్నా, ఎంత ఆలస్యమైనా, పేరు మనిషి నోటి నుంచి కాదు, కార్డు చూసి రాసుకునేవాణ్ణి. ఊరంతా సత్తిబాబు అని పిలిచే మనిషి కార్డులో సత్యనారాయణ అయి ఉంటాడు. రెండూ రాయి. "సత్యనారాయణ (సత్తిబాబు)" అని రాస్తే ఊరికీ తెలుస్తుంది, ఆఫీసుకీ తెలుస్తుంది. బోటు నంబరు రాయి. ఎన్ని గంటలకి ఏ రేవు నుంచి బయల్దేరారో రాయి. డెస్క్‌లో స్థలం లేక నంబరు కోసేస్తారు. ఫోన్ చేసి బతిమాలుకో, ఇంకేదైనా కోయమని చెప్పు.

ఇక తుపాను రోజులు. ఇక్కడ మన పేపర్లు చేసే పొరపాటు ఒకటుంది. ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు. 1 నుంచి 11 వరకు ఉంటాయి. నంబరు పెరిగితే గాలి అంత పెరిగినట్టే అని జనం అనుకుంటారు, మనవాళ్లూ అలాగే రాస్తారు. సగమే నిజం. 1, 2 అంటే దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 అంటే రేవు దగ్గరికే ముప్పు రావచ్చు. 5, 6, 7 మూడూ తీవ్రతలో ఒకటే, తేడా అంతా దిక్కులో. రేవుని తనకి ఎడమ పక్కన ఉంచి దాటుతుందా, కుడి పక్కన ఉంచి దాటుతుందా, రేవు మీదుగానే దాటుతుందా అని. 8, 9, 10 కూడా అంతే, కాకపోతే అవి మహా ప్రమాదానికి. 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని. మీ నాన్నగారి లాంటివాళ్లకి దిక్కు ముఖ్యం. తుపానుకి ఏ పక్కన ఉంటామన్నదాన్ని బట్టి గాలి సముద్రం మీద నుంచి వస్తుందా, నేల మీద నుంచి వస్తుందా అన్నది మారుతుంది. ఉప్పెన ఎటు పొంగుతుందో దాన్ని బట్టే. "6వ నంబరు ఎగరేశారు" అని రాసి వదిలేయకుండా, అది మన ఊరికి ఏమవుతుందో ఒక్క వాక్యం చేర్చు. ఆ ఒక్క వాక్యం రాష్ట్ర పేజీలో రాదు. అందుకే లోకల్ పేజీ ఉండేది.

వాట్సాప్‌లో ముందే తెలిసిపోతోంది అన్నావు. నిజమే, తెలుస్తోంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిందా, నాలుగు రోజులకి, 30వ తేదీన, మళ్లీ వస్తోందని కేంద్రం నుంచే హెచ్చరిక వచ్చింది. తీరం మొత్తం పరుగులు. గర్భిణిని మంచంతో సహా మోసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. ఏమీ రాలేదు. అప్పటికి మనకి సొంతంగా చూసి చెప్పే కేంద్రం లేదు. 2007లో హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లో (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. ఇప్పటికీ భూకంపం వార్త వస్తే చాలు, గ్రూపుల్లో పాత వీడియోలు తిరుగుతాయి. అలాంటప్పుడు జనం నీ దగ్గరికి వచ్చి "నిజమేనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి అరగంటలో జవాబు చెప్పగలిగే మనిషి ఊళ్లో ఉండాలి. పేపర్ మర్నాడు వచ్చినా సరే, నువ్వు ఆ రోజే ఉంటావు.

ఒక సంగతి మనసు నొచ్చి చెప్తున్నాను. మీ ఉప్పాడని బయటి ప్రపంచం ఎలా చూస్తుందో నీకు తెలుసు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఒడ్డున జనం బంగారం రేణువులు ఏరుకున్నారని దేశమంతా వార్త వచ్చింది. వల్లో కచిడి చేప పడి లక్షలు పలికితే అదీ వస్తుంది. ఇవి అబద్ధాలు కావు, రాయాల్సిందే. ఆ బంగారం ఎక్కడిది మరి? కోతకి కూలిపోయిన ఇళ్లదీ గుళ్లదీ అని మీ ఊరి ముసలివాళ్లు చెప్తారు. ఏళ్ల తరబడి వీధులకి వీధులు సముద్రంలోకి పోయాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, రాళ్లు ఎన్నిసార్లు పోశారో, జియోట్యూబ్ గోడ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) ఎలా చిరిగిపోయిందో మీకు లెక్క. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ పెరిగి కెరటాలు మీ వైపు మళ్లడం, రేవు కట్టడాల వల్ల ఉత్తరానికి రావాల్సిన ఇసుక ఆగిపోవడం కారణాలని నిపుణులు ఎప్పట్నుంచో చెప్తున్నారు. ఇదీ వార్తే. కానీ రోజూ కొంచెం కొంచెం జరిగేది వార్తలా కనపడదు. నువ్వు ఒక పని చెయ్యి. మీ వీధి చివర ఒక కరెంటు స్తంభమో కొబ్బరి చెట్టో గుర్తు పెట్టుకో. ప్రతి అమావాస్యకి పోటు సమయంలో అక్కడి నుంచి నీటి అంచు దాకా అడుగులు కొలిచి తేదీతో రాసుకో. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఎవరూ కాదనలేని లెక్క ఉంటుంది. అది పట్టుకుని రాస్తే ఏ డెస్కూ పక్కన పడేయదు.

అమ్మగారి భయం సంగతి. మీ ఊరి మీద రాయాల్సి వస్తుంది, తప్పదు. వలల గొడవలు రాకుండా ఉండవు. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల (చేపల గుంపుని చుట్టేసి పట్టే పెద్ద వలలు) మీద ఎంత గొడవైందో చూశాం, బోట్లు తగలబడ్డాయి. అలాంటప్పుడు ఫలానా ఊరివాళ్లు ఫలానా ఊరివాళ్ల మీద పడ్డారని రాస్తే రెండో రోజుకి ఇంకో నాలుగు ఊళ్లు వస్తాయి. వల కన్ను ఎంత, ఒడ్డుకి ఎంత దూరంలో వేశారు, 1994 చట్టం ప్రకారం మరబోట్లు ఎనిమిది కిలోమీటర్లు దాటాకే వేటాడాలి కదా, దాటారా లేదా, అధికారి ఆ రోజు ఎక్కడున్నాడు, ఇవి రాయి. రెండు పక్షాలవాళ్లూ చదివి "ఉన్నది రాశాడు" అనాలి. నా మీదా అలిగినవాళ్లున్నారు. మా పెదనాన్న కొడుకు రెండేళ్లు మాట్లాడలేదు. తర్వాత వాళ్లింట్లో పెళ్లి వార్తకి నా దగ్గరికే వచ్చాడు.

వేట నిషేధం రోజుల్ని కూడా వదలకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే సాయం 2019లో పది వేలు చేశారు, 2025లో ఇరవై వేలు అయింది. డబ్బు ఎంత అన్నది రాష్ట్ర పేజీలో వస్తుంది. మీ ఊళ్లో బోట్లు లెక్కపెట్టడానికి ఎప్పుడు వస్తున్నారు, ఏ కాగితాలు తెచ్చుకోవాలి అన్నది నువ్వే ముందు రోజు రాయాలి. లెక్కకి వచ్చిన పూట మనిషి పెళ్లికి వెళ్లి జాబితాలో పేరు పోగొట్టుకున్న ఇళ్లు నేను చూశాను.

2020లో కరోనా వచ్చి మా జిల్లా టాబ్లాయిడ్ (మెయిన్ పేపర్‌తో వచ్చే చిన్న సైజు జిల్లా పేపర్) ఆగిపోయింది. పన్నెండు పేజీల్లో వచ్చేవి మెయిన్‌లో రెండు మూడు పేజీలకి కుదించారు. నేను అప్పుడే బయటికి వచ్చేశాను. 1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు మొదలైనప్పుడు, ఆ తర్వాత 1989లో జిల్లాకో పేపర్ అని తెచ్చినప్పుడు, మా ఊరి పేరు కూడా అచ్చులో చూస్తామని మావాళ్లు ఎవరూ అనుకోలేదట. ఇప్పుడు ఆ చోటు మళ్లీ తగ్గిపోతోంది. ఉన్న నాలుగు అంగుళాల్లో మీ ఊరివాళ్ల పేర్లు సరిగ్గా పడాలంటే మీ ఊరి కుర్రాడు రాయాలి. చేరు బాబూ. యాడ్స్ సంగతి ముందే తేల్చుకుని చేరు.

జవాబు: మత్స్యలేశం ఆడపడుచు

పాత విలేకరి గారు చెప్పినవన్నీ చదివాను, నాకు కన్నీళ్లొచ్చాయి. ఒక్కటి మాత్రం చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా. 193 కిలోమీటర్ల తీరం ఉండి కూడా సరైన జెట్టీ లేక మా మగవాళ్లు గుజరాత్‌లోని వీరావల్‌కి వలస వెళ్తారు. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకి వెళ్లిన మావాళ్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. ఆ పద్నాలుగు నెలలూ మా పక్కింటి వదిన రోజూ పేపర్ తెప్పించుకుంది. చదవడం రాదు. నా చేత చదివించుకునేది. రోజూ అదే ప్రశ్న, "ఏమైనా రాశారా?" అని. చాలా రోజులు ఏమీ ఉండేది కాదు. అయినా పేపర్ మాన్పించలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇది. ఆఫీసుల చుట్టూ తిరిగిందీ, అప్పులు చేసి ఇల్లు నడిపిందీ ఆడవాళ్లు. మా ఊళ్లో వచ్చిన వార్తల్లో మగవాళ్ల పేర్లు వరసగా ఉండేవి. కింద ఫొటోలో ఉన్న ఆడవాళ్లకి మాత్రం "రోదిస్తున్న కుటుంబ సభ్యులు" అని రాసేవారు. వదిన ఆ ఫొటో కత్తిరించి దాచుకుంది. తన పేరు ఎక్కడా లేదు. తమ్ముడూ, నువ్వు రాసేటప్పుడు వాళ్ల పేర్లు కూడా కార్డు చూసి రాయి.

ఇంకోటి. అమ్మ గంప పెట్టుకుని తిరుగుతుందన్నావు. రేవులో వేలం ఎంతకి పాడారో, ఐస్ ఎంతకి అమ్ముతున్నారో, నెత్తళ్లు ఎండబెట్టుకునే చోటు ఎవరు ఆక్రమించారో పేపర్లో ఎప్పుడైనా చూశావా? కోడిగుడ్డు ధర రోజూ వేస్తారు. కానాగంతల ధర వేయరు. ఎండు చేపల మీద వాన పడితే ఆ వారం మా అమ్మ చేతికి రూపాయి రాదు, అది పంట నష్టంలా ఎవరూ లెక్క రాయరు. నువ్వు ముందు మీ అమ్మని అడిగి రాయి. ఆవిడ భయం కూడా తగ్గుతుంది.

జవాబు: పాత విలేకరి

అమ్మా, మీరన్నది నిజం. నేను ఎవరి డబ్బు కోసం తిరిగానో ఆ ఇంటావిడ పేరు కూడా నా వార్తలో లేదు. సవరణ రెండు లైన్లలోనూ రాయలేదు. "భార్య" అనే రాశాను. ఇన్నేళ్లకి మీరు చెప్తేనే గుర్తొచ్చింది.

జవాబు: డెస్క్‌లో పనిచేస్తున్నాను

అవతలి వైపు నుంచి నాలుగు మాటలు. లోకల్ పేజీ మా దగ్గర సాయంత్రం ఆరూ ఆరున్నరకి మూసేస్తాం. మీ తీరానికి అది అనుకూలమే. బోట్లు పొద్దున్నే వస్తాయి, మీకు రోజంతా ఉంటుంది. పొద్దున పదకొండు లోపు పంపితే నింపాదిగా చూస్తాం, సాయంత్రం ఐదున్నరకి పంపితే కోసేస్తాం. మేం కోసేటప్పుడు కింది నుంచి కోస్తాం. కాబట్టి పేరు, బోటు నంబరు మొదటి రెండు వాక్యాల్లోనే పెట్టండి, చివర్లో పెట్టొద్దు. ఫొటోలో బోటు నంబరు కనపడేలా తీయండి. సూచికల గురించి పెద్దాయన చెప్పింది మా డెస్క్‌లో అందరికీ చూపించాను. మేం కూడా ఇన్నాళ్లూ నంబరు వేసి వదిలేస్తున్నాం.

ఉప్పాడ కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. యాడ్స్ బాకీ నా మీద వేయకూడదని అడిగాను. రెండు రోజులు ఆలోచించి సరే అన్నారు. ఫోన్లో మెసేజ్ పెట్టించుకున్నాను.

చేరకముందే ఒక పని మొదలుపెట్టాను. నోట్‌బుక్ కొని మా ఊరి బోట్ల జాబితా రాస్తున్నాను. నంబరు, కార్డులో ఉన్న పేరు, పిలిచే పేరు, ఇంట్లో ఆడవాళ్ల పేరు. మూడు రోజుల్లో 31 బోట్లు అయ్యాయి. మా నాన్న పేరే కార్డులో ఒకలా, బోటు కాగితాల్లో ఇంకోలా ఉందని ఇప్పుడే తెలిసింది. రేపు మా షాపు నుంచే సరిచేయడానికి దరఖాస్తు పెడుతున్నాను. అమ్మ నిన్న రాత్రి కూర్చోబెట్టి రేవులో వేలం ఎలా పాడతారో మొత్తం చెప్పింది. నాలుగు పేజీలు రాసుకున్నాను.

ఒక్క సందేహం. చాలా బోట్లకి యజమాని ఒకరు, నడిపే మనిషి ఇంకొకరు. మిగతా కళాసీలు (బోటు మీద పనివాళ్లు) వారానికోసారి మారిపోతారు. జాబితాలో ఎవరి పేరు ముందు రాసుకోవాలి?

జవాబు: పాత విలేకరి

వెళ్లే మనిషి పేరు ముందు. యజమాని ఒడ్డునే ఉంటాడు, ఎప్పుడైనా అడగొచ్చు. కళాసీలు మారిపోతారు కాబట్టి వాళ్ల కోసం ప్రతి బోటుకీ ఒక పేజీ ఖాళీగా వదులు. ఆదివారం ఆదివారం రేవు దగ్గరికి వెళ్లి పెన్సిల్‌తో రాసుకో. ఫోన్ నంబరు ఇంట్లోవాళ్లది తీసుకో, ఆయనది కాదు. ఆయన ఫోను ఆయనతోపాటే బోటులో ఉంటుంది.